గంగాధరప్పకు రాని రోగం లేదు

మా గంగాధరప్ప హోటల్లో ఉగ్గాని తిని ఊరంతా వాంతులు, భేదులు పట్టుకున్నాయని కళ్యాణదుర్గం దాకా ఒక పుకారు పోయింది. షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న ఒకామె, నాది ఏ ఊరో తెలియక, నాకే చెప్పింది. "ఆ ఊర్లో ఉగ్గాని ముట్టుకోవద్దమ్మా, ఆ హోటలాయనే మైకులో ఒప్పుకున్యాడంట" అని. నేను దిగాల్సిన చోటు దాటిపోయినా సరే, ఆమె దిగేదాకా కూర్చుని అసలు సంగతి చెప్పి వచ్చాను. అయినా ఆటోలో చెప్పగలిగింది సగమే. మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు గంగాధరప్ప సంగతి ఒక్కటి తెలుసుకోవాలి. మా ఊర్లో ఎవరికి ఏ రోగం వచ్చినా, ఏ ఆపద ముంచుకొచ్చినా, అది తనకే వచ్చిందని మైకులో చెప్పుకుంటాడు. వడదెబ్బ, డెంగీ, కుక్క కాటు, పాము కాటు, కరెంటు షాకు, గ్యాసు సిలిండరు మంట, అన్నీ ఆయనకే. చెప్పిందంతా నిజమైతే ఈపాటికి డాక్టర్లు ఆయన్ని అద్దాల పెట్టెలో పెట్టి చదువుకునే పిల్లలకు చూపించేవాళ్ళు. మనిషి మాత్రం గుండ్రాయిలా ఉంటాడు. తెల్లారేసరికి ఉగ్గానికని బొరుగులు తడిపి, ఉల్లిగడ్డలు కోసి, బాణలి ముందు నిలబడతాడు.

ఆయన హోటలంటే బస్సు ఆగే చోట ఒక రేకుల షెడ్డు. దాని నెత్తిన ఒక మైకు. పొద్దున పాటలు వేయడానికి, బజ్జీలు వేడిగా ఉన్నాయని చెప్పడానికి కొన్నాడు. మా ఆశా కార్యకర్త సుజాతకేమో ఊరంతా తిరిగే కాళ్ళున్నాయి గానీ గొంతు లేదు. ఆస్పత్రి నుంచి గానీ, పంచాయితీ నుంచి గానీ ఏ హెచ్చరిక వచ్చినా ఆమె తెచ్చి గంగాధరప్ప చెవిలో వేస్తుంది, ఆయన ఊరి చెవిలో వేస్తాడు. ఈ రెండు చెవుల మధ్యలో ఎక్కడో ఆ రోగం ఆయనకు అంటుకుంటుంది.

పాము సంగతి నాకు బాగా గుర్తు. పొద్దున్నే కసువు ఊడుస్తుంటే మైకు గురగురమంది.

"అల్లో, అల్లో. నేను హోటలు గంగాధరప్పను మాట్లాడతాండా. నిన్న సాయంత్రం నన్ను పాము కరిచింది. నేను కాలు కదిలించలేదు, తాడు బిగించి కట్టుకోలేదు, బ్లేడుతో కోసుకోలేదు, మంత్రమేసే వాని దగ్గరికి పోలేదు. నేరుగా 108కు ఫోన్ చేసి, గవర్నమెంటు ఆస్పత్రికి పోయి సూది వేయించుకొన్యా. మీరు కూడా అట్లే చేయండి. బజ్జీలు రెడీగా ఉండాయి."

ఈ చివరి మాట ఆయనకు ఊతపదం. ఏం చెప్పినా చివర బజ్జీలు రెడీగా ఉండాల్సిందే.

మేమంతా గుండెలు బాదుకుంటూ పోయాం. ఇద్దరు మగవాళ్ళు మంచం కూడా ఎత్తుకొచ్చారు. గంగాధరప్ప నిలబడి మిరపకాయలు చీలుస్తున్నాడు.

"యాడప్పా కరిచింది?" అన్నాను.

"ఈడ" అని మడమ చూపించాడు.

"గాటు ల్యా కదప్పా."

"మానిపోయిందక్కా."

"నిన్న సాయంత్రం కరిచింది, ఈ పొద్దుకే మానిపోయిందా?"

"గవర్నమెంటు సూది శానా బలమైంది."

మధ్యాహ్నం బస్సుకు బెళుగుప్ప నుంచి ఆయన అత్త ఏడ్చుకుంటూ దిగింది. అల్లుడు బజ్జీలు వేయిస్తూ కనపడేసరికి ఒక నిమిషం నోరు తెరుచుకుని నిలబడి, ఇంత దూరం ఏడ్చుకుంటూ వచ్చినందుకు మళ్ళీ కూర్చుని ఏడ్చింది.

ఆ తర్వాత కుక్క కరిచిందన్నాడు. సబ్బుతో బాగా కడుక్కున్నానని, సూదులన్నీ తప్పకుండా వేయించుకుంటున్నానని చెప్పాడు. ఊర్లో కుక్కలన్నీ ఆయన పారేసే బజ్జీ ముక్కలు తిని, ఆయన కాళ్ళ దగ్గరే పడుకుంటాయి. ఆ మాట మీద వాటికి కూడా నమ్మకం కలిగినట్టు కనపడలేదు. వానాకాలంలో, "నేను సేన్లో మాను కింద నిలబడింటి, పక్కన్నే పిడుగు పడింది, మీరెవురూ మాన్ల కింద నిలబడొద్దండి" అన్నాడు. గంగాధరప్పకు సెంటు భూమి లేదు. చెట్టు ఎక్కడిదో, చేను ఎవరిదో నేను వారం పాటు అడిగాను. "ఆ పక్క" అని చెయ్యి ఊపేవాడు. ఆ పక్క అంటే కర్ణాటక కూడా ఉంది.

మా ఊర్లో ఎవరింట్లో ఏ పప్పు ఉడుకుతోందో నేను వాసన చూసి చెప్పగలను. ఎవరి కోడలు ఎందుకు అలిగిందో ఆ కోడలికంటే ముందు నాకు తెలుస్తుంది. అలాంటిది ఈ మనిషి ఎందుకిలా చెప్పుకుంటాడో మాత్రం ఎన్నేళ్ళయినా అంతు దొరకలేదు. మైకు పిచ్చి అని కొందరన్నారు. ఊరంతా తన గురించే మాట్లాడుకోవాలని ఆశ అని ఇంకొందరన్నారు. "మా ఇంటాయనకు నోరు ఊరుకోదు, అంతే వదినా" అని ఆయన భార్య ఆంజినమ్మ తేల్చేసింది.

అన్నిటికంటే మించింది ఎనిమిదో నెల. ఆ రోజు సుజాత వచ్చి చెవిలో ఏదో చెప్పి పోయింది. గంగాధరప్ప చేతులకు అంటిన శనగపిండి తుడుచుకుని మైకు పట్టుకున్నాడు.

"అల్లో, అల్లో. నేను హోటలు గంగాధరప్పను మాట్లాడతాండా. నాకిప్పుడు ఎనిమిదో నెల. కాళ్ళు వాచినాయి, తలకాయ నొప్పి, కండ్లు మసకలు కమ్ముతాండాయి."

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు మర్చిపోయారు. హోటల్లో తింటున్నాయన చేతిలో బజ్జీ చేతిలోనే ఆగిపోయింది. మైకులో కూడా ఒక క్షణం నిశ్శబ్దం. ఆయనకు కూడా తెలిసొచ్చినట్టుంది. కానీ వెనక్కి తీసుకునే రకం కాదు.

"ఇట్ల ఉంటే కాన్పు టైముకు చూసుకొందాంలే అని ఇంట్లో కూర్చోకూడదంట. నేను ఈ పొద్దే ఆస్పత్రికి పోయి బీపీ చూపించుకుంటాండా. మీరు కూడా పోండి. బజ్జీలు రెడీగా ఉండాయి."

లోపల్నుంచి ఆంజినమ్మ అట్లకాడతో బయటికి వచ్చింది. "ఏమయ్యా, ఎవురిది?" అంది.

ఊరు వారం రోజులు నవ్వింది. కాన్పుకు పుట్టింటికి ఎప్పుడు పోతావని దారినపోయేవాళ్ళంతా అడిగేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. మైకు మోగిన ఆ సాయంత్రమే మా వీధిలో ఇద్దరు అత్తలు నవ్వుతూనే కోడళ్ళ కాళ్ళు వేలితో నొక్కి చూడటం నేను చూశాను. అందులో ఒకామె మరుసటి రోజే కోడల్ని ఆటో ఎక్కించింది. ఎందుకు పోతున్నారని అడిగితే చీరలు కొనడానికి అంది. చీరల కొట్టుకు చెంబు, దుప్పటి ఎందుకో చెప్పలేదు.

ఇక అసలు కథ. మా ఊరి కొళాయిల గురించి తెలియనివాళ్ళకు ఇది అర్థం కాదు. ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళకు జోరు ఉండదు. కొళాయి నేలకు పైన ఉంటే చుక్క రాదు. అందుకని ప్రతి ఇంటి ముందూ గుంత తవ్వి, పైపును కిందికి కోసి, గుంతలోకి బిందె దించి పట్టుకుంటాం. మీరు తవ్వితే పక్కింటికి నీళ్ళు తగ్గుతాయి. వాళ్ళు ఇంకొంచెం లోతు తవ్వుతారు. అప్పుడు మీకు తగ్గుతాయి. ఇలా మా వీధిలో పిల్లలకంటే గుంతలు తొందరగా ఎదుగుతాయి. నా గుంతకైతే దిగడానికి మెట్లు కూడా ఉండేవి. నీళ్ళు ఆగిపోయాక గుంతలో నిలిచిన మురికిని ఆ పైపు మళ్ళీ లోపలికి పీల్చుకుంటుందని, మరుసటి రోజు అదే అందరి బిందెల్లోకి వస్తుందని సుజాత ఎన్నిసార్లు చెప్పిందో. ఆమె గొంతు గుంతల్లోకి దిగలేదు.

ఈ ఎండాకాలం ఒక పొద్దున మైకు మోగింది.

"అల్లో, అల్లో. నేను హోటలు గంగాధరప్పను మాట్లాడతాండా. నాకు నిన్నట్నుంచి వాంతులు, భేదులు. ఎన్నిసార్లు పోయినానో లెక్క తప్పిపోయింది. మా ఇంటి ముందర కొళాయి గుంతలో మురికి వల్ల వచ్చింది. సుజాతమ్మ దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఒక ప్యాకెట్టు కలుపుకొని కొంచెం కొంచెం తాగుతాండా. మీరూ నీళ్ళు కాచుకొని తాగండి. గుంతలు పూడ్చండి. నీరసంగా ఉంటే ఆస్పత్రికి పోండి." అంతటితో ఆపి ఉంటే బాగుండేది. అలవాటు ఊరుకోదు కదా. "బజ్జీలు రెడీగా ఉండాయి."

బజ్జీలు రెడీగానే ఉన్నాయి. తినేవాళ్ళే లేరు. పాము కరిచినవాడి చేతి బజ్జీ తినొచ్చు. ఎనిమిదో నెల మోస్తున్నవాడి చేతి బజ్జీ కూడా తినొచ్చు. భేదులు పట్టుకున్నవాడి చేతి బజ్జీ ఎవరు తింటారు? మధ్యాహ్నానికి ఆ ఉగ్గాని మీద ఈగ కూడా వాలలేదు. రోడ్డుకు అవతల సుబ్బన్న కొత్తగా నూడిల్స్ బండి పెట్టాడు. జనమంతా అటు దాటుకున్నారు. ఇంకో రెండు రోజులకు మా వీధిలో, పక్క వీధిలో కూడా భేదులు మొదలయ్యాయి. దాంతో మాట మారింది. గుంత కాదు, ఉగ్గాని వల్లే అన్నారు. బొరుగులు తడిపింది ఏ నీళ్ళతోనో అన్నారు. హోటలు మూయించాలన్నారు.

ఒక్కటి నాకు కొరుకుడు పడలేదు. గంగాధరప్ప కొళాయికి గుంతే లేదు. ఆయన హోటలుకు వాటరు ప్లాంటు క్యాన్ల నీళ్ళే వాడతాడు. కొళాయి ముందు గులకరాయి కూడా కదిలింది లేదు. ఇదేదో చూద్దామని తెల్లారీ తెల్లారకముందే చెంబు పట్టుకుని అటు పోయాను. గంగాధరప్ప పార పట్టుకుని కొళాయి ముందు గుంత తవ్వుతున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏం చేస్తాండావప్పా?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. "గుంత పూడుస్తాండానక్కా."

"తవ్వుతాండావు కదప్పా."

"పూడ్చల్లంటే ముందు గుంత ఉండల్ల కదా."

ఎండెక్కాక అందర్నీ పిలిచి, అందరూ చూస్తుండగా, ఆ గుంతను తనే పూడ్చాడు. "నేను పూడ్చేసినా, ఇంగ మీరూ పూడ్చండి" అన్నాడు. భేదులు పట్టుకున్న మనిషి అంత మట్టి ఎట్లా ఎత్తాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకు వచ్చింది. ఇక నాకు అన్నం సయించలేదు.

ఆ మధ్యాహ్నం ఆంజినమ్మ కొంగు చాటున క్యారియరు పెట్టుకుని హోటలు వెనక దారిన పోతోంది. నేను గిన్నె పట్టుకుని, తోడుకు మజ్జిగ అడుక్కునేదాన్ని మాదిరి వెనకే పోయాను. ఊరి చివర గేదెలు పెట్టుకున్న ఆదెన్న ఇంట్లోకి దూరింది. నేనూ దూరాను. లోపల మంచం మీద ఆదెన్న మనవరాలు, చిన్నపిల్ల, వాడిపోయి పడుకుని ఉంది. సుజాత చెంచాతో ఓఆర్ఎస్ తాగిస్తోంది. క్యారియరులో గంజి.

నన్ను చూడగానే ఆదెన్న లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"రామాంజినమ్మక్కా, నీకు దండం పెడతా. ఎవురికీ చెప్పొద్దు. మళ్ళా కంప వేస్తారు."

కంప అనగానే నాకు కరోనా ఏడు గుర్తొచ్చింది. అప్పుడు గంగాధరప్ప మైకు కొత్తది. ఆఫీసు నుంచి ఎవరో ఫోన్‌లో చెప్పిన పేరును ఉన్నదున్నట్టు చదివాడు. ఆదెన్నకు కరోనా వచ్చింది, ఆ ఇంటి దిక్కు ఎవరూ పోవద్దని. సాయంత్రానికి ఎవరో ఆదెన్న వాకిట్లో తుమ్మకంప కొట్టి దారికి అడ్డంగా వేశారు. ఆయన కోలుకున్నా కంప తియ్యలేదు. అప్పటిదాకా ఆయన సగం ఊరికి పాలు పోసేవాడు, ఆ తర్వాత ఒక్క గడప కూడా ఆయన చెంబు ముట్టలేదు. ఆ ఏడంతా గంగాధరప్ప టీలో నీళ్ళుండేవి కావు. చిక్కటి పాలకు టీ పొడి వాసన చూపించి ఇచ్చేవాడు. మనిషికి మతి పోయిందనుకున్నాం గానీ, రెండు గేదెల పాలు ఒక్కడే కొంటున్నాడని మాకు తట్టలేదు.

ఇంకొకటి కూడా ఆదెన్న ఇంట్లో నిలబడ్డప్పుడే నాకు తట్టింది. ఆ కరోనా ఏట్లోనే ఒక పొద్దున ఆదెన్న వాకిట్లో కంప మాయమైంది. ఆ రోజే గంగాధరప్ప రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని మైకు పట్టుకున్నాడు. "అల్లో, అల్లో. నాకు చేతులకు ముండ్లు గుచ్చుకొన్నాయి. టీటీ సూది వేయించుకొన్యా. మీకు గుచ్చుకొన్నా వేయించుకోండి." తన రోగం తను చెప్పుకోవడం ఆ రోజే మొదలు. ఆయన మైకులో చెప్పిన వాటిలో నిజమైంది కూడా అదొక్కటే.

ఆ సాయంత్రమంతా నేను నోట్లో వక్క పెట్టుకుని తిరిగాను, మాట బయటికి జారకుండా. మా కోడలు నాకు పంటి నొప్పేమో అనుకుంది.

మర్నాడు పొద్దున పంచాయితీ పెద్దలు హోటలు ముందుకు వచ్చారు. సుబ్బన్న కూడా వచ్చాడు. "నేనేమీ అనను గానీ, జనం అంటాండారు" అన్నాడు, జనం అనని మాటలు కూడా కలిపి.

పెద్దాయన ఒకరు గొంతు సవరించుకున్నాడు. "గంగాధరప్పా, నీకు భేదులైతాంటే నువ్వే పిండి కలుపుతాండావు. ఇది మేం అనేది కాదు, నీ నోటితోనే మైకులో చెప్తివి. హోటలు మూసేయి."

ఆంజినమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆ షెడ్డు తప్ప వాళ్ళకు ఇంకో ఆధారం లేదు. "చెప్పయ్యా. నీకు రాలేదని ఒక్క మాట చెప్పు."

"వచ్చింది."

"రాలేదు."

"నాకు రాలేదని నీకెట్ల తెలుసు?"

"నీ గుడ్డలు ఉతికేది నేను."

గంగాధరప్ప బాణలి వైపు చూస్తూ నిలబడ్డాడు. పొయ్యి ఆర్పడానికి చెయ్యి చాపాడు కూడా. అంతలో పాల క్యాను తీసుకుని ఆదెన్న వచ్చాడు. క్యాను పక్కన పెట్టి, ఖాళీ బెంచీ మీద నడుమ కూర్చున్నాడు.

"ఒక ప్లేటు ఉగ్గాని. నాలుగు బజ్జీలు" అన్నాడు.

"ఆదెన్నా, ఇంటికి పో" అన్నాడు గంగాధరప్ప మెల్లగా.

"ఉగ్గాని పెట్టప్పా ముందు."

పెట్టాడు. ఆదెన్న ఒక బజ్జీ తుంచి నోట్లో వేసుకుని, నములుతూనే చెప్పాడు. "ఈయనకు ఏ భేదులూ రాలేదు. వచ్చింది నా మనవరాలికి. మా గుంతలో నీళ్ళు తాగి వచ్చింది. ఇప్పుడు నయమైంది. కంప ఎవురు వేస్తారో వేసుకోండి, నేను తినేసి వస్తా."

సుబ్బన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు చూసి నేను వక్క ఉమ్మేశాను.

"గుంత లేని ఇల్లు ఎవురిదో చెయ్యెత్తండి చూద్దాం" అన్నాను.

ఒక్క చెయ్యి లేవలేదు. గంగాధరప్ప ఎత్తబోయి, ముందురోజు తను తవ్విన గుంత గుర్తొచ్చి దించేశాడు.

అప్పుడు సుజాత ముందుకు వచ్చింది. ఆమెది చిన్న గొంతే గానీ అప్పటి నిశ్శబ్దానికి అది చాలు. "నా సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లన్నీ అయిపోయినాయి. ఒక్కొక్కరే వెనక వాకిట్లోకి వచ్చి, మాకు కాదు, చుట్టాలకు అని తీసుకుపోయినారు. ఊర్లో ఎవురికీ రాకపోతే అవన్నీ గంగాధరన్న ఒక్కడే తాగినాడా?"

అందరూ నేల చూపులు చూశారు. పెద్దాయన మరీ ఎక్కువసేపు చూశాడు. తర్వాత వెళ్ళి ఆదెన్న పక్కన బెంచీ మీద కూర్చుని, "నాకూ ఒక ప్లేటు పెట్టప్పా, కారం తగ్గించి" అన్నాడు. కారం ఎందుకు తగ్గించాలో ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే గుంతలన్నీ పూడ్చాం. నా మెట్లు పూడ్చేటప్పుడు మనసు కొంచెం కలుక్కుమంది. ఎవరూ తవ్వకపోతే సన్నగానైనా అందరికీ నీళ్ళు వస్తాయని అప్పుడే తెలిసింది. ఆదెన్న మనవరాలు ఇప్పుడు వీధంతా గంతులేస్తోంది. ఈ సంగతి రాయమని చెప్పింది కూడా ఆదెన్నే. పక్క ఊర్లో వాళ్ళు ఇంకా ఉగ్గానినే అంటున్నారని ఆయనకు కోపం.

నిన్న పొద్దున హోటల్లో జనం పలచబడ్డాక నేను పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ చుట్టూ తిరిగి అడిగాను గానీ నేరుగా ఎప్పుడూ అడగలేదు.

"గంగాధరా, నిజం చెప్పు. ఊర్లో రోగాలన్నీ నీకే వచ్చినాయని ఎందుకప్పా చెప్పుకుంటావు?"

ఆయన బాణలిలో బజ్జీలన్నీ ఒక్కొక్కటే తిప్పాడు. తిప్పినవాటినే మళ్ళీ తిప్పాడు.

"ఇంగొకరి పేరు చెప్తే జనం కంప కొట్టేదానికి పోతారక్కా. నా పేరు చెప్తే నవ్వుకుంటా నిలబడి కడదాకా ఇంటారు" అన్నాడు. చిల్లుల గరిటె ఎత్తి నూనె కారనిచ్చాడు. "ఒక్క ఆ ఎనిమిదో నెల మాత్రం, నాకే కొంచెం ఎక్కువైందనిపించింది."